సాలీళ్ల గది

"పురుగులకి తిండేశావా?"

పొద్దున లేచాక మా ఆయన నాతో అనే మొదటి మాట ఇదే. బ్రష్షు నోట్లో ఉండగానే, నురగలోంచే అడుగుతాడు. నేను జవాబు చెప్పేలోపు పుక్కిలింత మొదలవుతుంది. చెప్పినా ఆయనకి వినపడదు, చెప్పకపోయినా తేడా తెలియదు. ఎందుకంటే ఆ పని జరగని రోజంటూ లేదు. వాషింగ్ మెషీను వెనక పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో కీచురాళ్లుంటాయి. ముందు వాటికి బంగాళాదుంప ముక్కలు, క్యారెట్ చెక్కు వేయాలి. తొట్టిలోని కోడిగుడ్ల అట్టలు దులిపితే జలజలా రాలతాయి. రాలినవాటిలో కొన్నిటిని సీసాలోకి పట్టి, మూతేసి, వెనక గదిలోకి తీసుకెళతాను. ఒకప్పుడు నా కుట్టుమిషను ఉండే గది అది. మిషను ఇప్పుడు మంచం కిందకి పోయింది. గోడ పొడవునా అరలు, అరల నిండా గాలి కన్నాలున్న పెట్టెలు, పెట్టెకొక సాలీడు. ఇంటిమూలల్లో గూళ్లు కట్టుకునే రకం కాదు, టరాంటులాలు. కొన్ని అరచేయంత ఉంటాయి, ఒళ్లంతా నూగు. అవికాక ఒక నల్లతేలు, జంట జెర్రులు, చెయ్యంత పొడుగు రోకలిబండ పురుగు. ఆ రోజు ఎవరి వంతైతే వాళ్లకి పురుగు వేసి, నీళ్లగిన్నెలు కడిగి నింపి, కొబ్బరిపొట్టు ఎండిన పెట్టెల్లో నీళ్లు చిలకరించి, తిని వదిలేసిన కాళ్లూ రెక్కలూ పట్టకారుతో ఏరి పారేయాలి. ఆ ఇంట్లో ఎవరి ఎంగిలైనా ఎత్తేది నేనే. మనుషుల వంట ఆ తరవాత.

ఇదంతా ఒక మాత్రల డబ్బాతో మొదలైంది. మా ఆయన ఒక గిడ్డంగిలో సూపర్‌వైజరు. అక్కడి స్నేహితుడెవరో గోరంత పిల్లసాలీణ్ని డబ్బాలో పెట్టి ఇచ్చాడు. "అంతా నేనే చూసుకుంటా, నువ్వు వేలు కూడా పెట్టక్కర్లేదు" అన్నాడు మా ఆయన, దాన్ని ఇంటికి తెస్తూనే. అత్తయ్య గుండెలు బాదుకున్నారు. మా ఆయన ఉత్సాహం ఎంతకాలం నిలిచిందంటే, ఆ పిల్లసాలీడు పట్టకారు మీదుగా ఆయన మణికట్టు మీదికి పరిగెత్తేదాకా. చెయ్యి విదిలించి, ఒక్క గెంతులో మంచమెక్కి కూర్చున్నాడు. నేను దాని మీద గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క దూర్చి, మళ్లీ డబ్బాలో వేశాను. నాకు భయం వేయలేదు. ఎందుకు వేయలేదో ఇప్పటికీ చెప్పలేను. చూడ్డానికి దూదిపింజలా ఉంది, అంతే. ఆ రోజు నుంచి ఆ పని నాదైపోయింది. నాకెవరూ అప్పజెప్పలేదు. మళ్లీ ఎవరూ తీసుకోనూ లేదు.

తరవాత వీడియోలు మొదలయ్యాయి. ఫోను స్టాండుకి పెట్టి, లైటు వేసి, మా ఆయన మాట్లాడేవాడు. గొంతు బాగుంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. చూసేవాళ్లు పెరిగారు, "సాలీళ్ల సార్" అని పేరు పెట్టుకున్నారు. పెట్టెలోకి చెయ్యి పెట్టాల్సిన చోట మాత్రం ఆయన పక్కకి జరిగేవాడు, నేను జరిగి వచ్చేదాన్ని. చేతులు తప్ప ఇంకేమీ పడకుండా కెమెరా దగ్గరికి లాగేవాడు. నా మణికట్టుకి ఆయన వాచీ. గోళ్లు పొట్టిగా కత్తిరించుకోమనేవాడు, చేతులకి క్రీము రాయొద్దనేవాడు. "కొంచెం మొరటుగా కనపడాలి" అనేవాడు. అంట్లు తోమే చేతులు కదా, పెద్దగా కష్టపడాల్సిన పని లేకపోయింది.

"నేను గమనించిందేంటంటే ఫ్రెండ్స్," అని మొదలుపెట్టేవాడు, నేను ముందురోజు వంటగదిలో చెప్పిన మాటనే. చలిగా ఉన్నప్పుడు ఫలానాది మూలకి పోయి కూర్చుంటుందనో, నీళ్లగిన్నెలో మట్టి పోసేది కోపంతో కాదనో చెప్పి ఉంటాను. అప్పుడు ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు. మరి విన్నాడే అని మొదట్లో సంతోషపడ్డాను కూడా. లైటు పట్టుకుని నిలబడి, నా మాట ఆయన నోట్లోంచి వస్తుంటే తలాడించేదాన్ని.

పేరు వచ్చాక అత్తయ్య కూడా మారిపోయారు. ఎదురింటావిడ వస్తే గది తలుపు బార్లా తీసి చూపించేవారు. "మా వాడు పులినిచ్చినా మచ్చిక చేస్తాడు" అనేవారు. నేను పక్కనే పెట్టె మూత తుడుస్తూ ఉండేదాన్ని. ఎదురింటావిడ నా వంక జాలిగా చూసి, "ఎలా ఉంటున్నావమ్మా వీటి మధ్య?" అనేది.

కళ్లజోళ్ల షాపులో నా ఉద్యోగం. కొత్త కళ్లజోడు మనిషి ముక్కు మీద పెట్టి, చెవుల వెనక సర్ది, "ఇప్పుడు కనిపిస్తోందా?" అని అడగడం నా పని. ఆ ప్రశ్న అడగడం నాకిష్టం. ముసలివాళ్లు ఎదుటిగోడ మీది అక్షరాలు చదివి, నా వైపు తిరిగి నవ్వేవారు, అక్షరాలన్నీ నేనే రాసిపెట్టినట్టు. కొన్ని సాలీళ్లు బెదిరితే వెనక కాళ్లతో ఒంటిమీది నూగు రాల్చి ఎగరేస్తాయి. అది గుచ్చుకుంటే దురద, ఎర్రటి దద్దుర్లు. నా వేళ్ల సందులు ఎప్పుడూ అలాగే ఉండేవి. ఒకరోజు షాపు ఓనరు పిలిచి, "కస్టమర్లు ఏమనుకుంటారమ్మా, అంటుజబ్బు అనుకోరూ?" అన్నాడు. నన్ను వెనక గదిలోకి, అద్దాలు అరగదీసే యంత్రం దగ్గరికి మార్చాడు. అక్కడ ఎవరి మొహమూ కనపడదు. ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "నువ్వు చేతులు సరిగ్గా కడుక్కోవు, అదీ సంగతి" అన్నాడు. కాసేపాగి, "కూర్చుని చేసే పనే కదా, మంచిదేలే" అన్నాడు. ఇంట్లో వెనక గది, షాపులో వెనక గది. చీకటి అలవాటైనవాళ్లని చూసుకోవడానికి అదే సరైన తయారీ అనుకుని నాకు నేనే నవ్వుకున్నాను.

ఆ పెట్టెలన్నిట్లో నాకు దగ్గరైంది ఒకటే. ముదురు గోధుమరంగు ఆడసాలీడు. మాకొచ్చేటప్పటికే దానికి వయసు మీదపడింది. మా ఆయన వీడియోల్లో ఏదో బిరుదు తగిలించి పిలిచేవాడు. నేను పెద్దావిడ అనేదాన్ని. పగిలిన పూలకుండీ ముక్క కింద కాపురం, ఒక కాలు మాత్రం బయటికి చాపుకుని కూర్చునేది. నా మీద ఒక్కసారి కూడా నూగు ఎగరేయలేదు. నేను గిన్నె మార్చే వేళకి కాలు వెనక్కి తీసుకుని దారిచ్చేది. ఇంట్లో నేను తుడుస్తుంటే కాళ్లు పైకెత్తని మనుషుల మధ్య నుంచి వెళ్లేదాన్ని కదా, ఆ చిన్న మర్యాద నాకు పెద్దగా కనపడేది. పెద్దావిడతో కబుర్లు చెప్పేదాన్ని. వినేదని కాదు. మధ్యలో లేచి వెళ్లిపోయేది కాదు, అది చాలు.

ఒకసారి అది వెల్లకిలా పడి, కాళ్లు పైకి పెట్టి కనిపించింది. "చచ్చినట్టుంది, పారేయ్" అన్నారు అత్తయ్య గుమ్మంలోంచి. చావలేదని నాకు తెలుసు. అంతకుముందు చాలా రోజులుగా తిండి ముట్టలేదు, పొట్ట నల్లబడింది, కింద పరుపులా గూడు అల్లుకుంది. కుబుసం విడిచేముందు అలాగే ఉంటాయి. ఆ సమయంలో ఒళ్లు మెత్తగా, పిండిముద్దలా ఉంటుంది. చిన్న కీచురాయి కూడా కొరికి చంపేయగలదు. షాపుకి సెలవు పెట్టి, స్టూలు వేసుకుని కూర్చున్నాను. పాత చర్మం పక్కల నుంచి చీలింది. ఒక్కో కాలూ ఇరుకైన తొడుగులోంచి లాక్కున్నట్టు నెమ్మదిగా లాక్కుంది. ఆగింది, మళ్లీ లాక్కుంది. అంతసేపూ దాన్ని పక్కగదిలోంచి ఎవరూ పిలవలేదు. టీ అడగలేదు. నాకు అసూయ వేసింది. పని పూర్తయ్యాక పాత ఒళ్లు పక్కన పెట్టుకుని, కొత్త ఒళ్లుతో అలసిపోయి పడుకుంది. నేనూ కదలకుండా కూర్చున్నాను. పెళ్లయ్యాక నేను అంత ప్రశాంతంగా ఉన్న రోజు ఇంకోటి గుర్తులేదు.

ఆ తరవాత చాలాకాలానికి నాకు కడుపునొప్పి మొదలైంది. "గ్యాసు" అన్నారు అత్తయ్య. "టైముకి తినకపోతే అంతే" అన్నాడు మా ఆయన. టైముకి తినకుండా నేనెక్కడ తిరుగుతున్నానో ఇద్దరిలో ఎవరూ అడగలేదు. షాపులో యంత్రం మీద ఒరిగిపోతే ఓనరే ఆటో ఎక్కించాడు. పిత్తాశయంలో రాళ్లు, వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు డాక్టరు.

సరిగ్గా అప్పుడే పెద్దావిడ మళ్లీ తిండి మానేసింది.

ఆస్పత్రిలో నా పక్కమంచం మీద ఒక బస్సు కండక్టరు ఉండేది. గట్టి మనిషి, కుట్లు పట్టుకుని కూడా పెద్దగా నవ్వేది. నేను ఫోన్లో మాట్లాడటం ఆవిడ విన్నది.

"ఏమండీ, పెద్దావిడ పెట్టెలో కీచురాళ్లు వెయ్యకండి. కుబుసం విడిచేలా ఉంది. నీళ్లు పెడితే చాలు."

"నాకు చెప్తున్నావా? వీటి గురించి ఊరందరికీ చెప్పేదే నేను," అన్నాడు ఆయన.

"అది కాదండీ, ఒక్కటి కూడా ఉండకూడదు. పాతవి ఏమైనా ఉంటే తీసెయ్యండి."

"సరే సరే. ముందు నువ్వు త్వరగా రా. అమ్మ వంట చేయలేకపోతోంది."

ఫోను పెట్టాక కండక్టరు అడిగింది. "ఎవరమ్మా పెద్దావిడ? మీ అత్తగారా?"

చెప్పాను. ఆవిడ కళ్లు పెద్దవి చేసింది.

"నిజంగా చేత్తో పట్టుకుంటావా?"

"పట్టుకుంటాను."

"నేను రోజూ తాగుబోతుల్ని కాలర్ పట్టుకుని బస్సు దింపుతా. కానీ బొద్దింక కనపడితే మా ఆయన వెనక దాక్కుంటా. నీది మామూలు గుండె కాదు తల్లీ!"

వార్డులో అందరికీ వినపడేలా అంది. అటువైపు మంచం మీది ముసలమ్మ తల తిప్పి నన్ను చూసింది. నేను సిగ్గుపడి దుప్పటి సర్దుకున్నాను. కానీ ఆ మాటని నోట్లో చక్కెరబిళ్లలా చాలాసేపు దాచుకున్నాను. నా గురించి ఎవరైనా అన్న మాట, మూడో మనిషికి వినపడేలా అన్న మంచిమాట, అదొక్కటే.

ఇంటికొచ్చిన రోజు మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది. మా ఆయన సంచి పట్టుకుని ముందు వెళ్లిపోయాడు. నేను గోడ పట్టుకుని సరాసరి వెనక గదిలోకి వెళ్లాను. పెద్దావిడ పెట్టె ఖాళీగా ఉంది. కడిగి, బోర్లించి ఉంది.

"కంపు కొడుతుంటే నేనే తోమాను," అన్నారు అత్తయ్య.

మా ఆయన గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "ఆకలితో ఉందేమోనని గుప్పెడు వేశాను. రోజూ చూసుకునే తీరికెక్కడ? ఒకేసారి వేస్తే సరిపోతుందనుకున్నా."

"ఎక్కడుంది?"

"ఫ్రీజర్లో పెట్టాను. ఫ్రేము కట్టిద్దామని."

ఫ్రీజరు తెరిచాను. ఐసుముక్కల ట్రే పక్కన, పారదర్శకమైన డబ్బాలో ఉంది. సగం ఒళ్లు పాత చర్మంలోంచి బయటికొచ్చింది, సగం లోపలే ఇరుక్కుపోయింది. బయటికొచ్చిన సగాన్ని కీచురాళ్లు కొరికేశాయి. కాళ్లు కొన్ని మొదలంటా లేవు. ఎంతసేపు పట్టి ఉంటుందో నాకు తెలుసు. అటు లోపలికి పోలేక, ఇటు బయటికి రాలేక. డబ్బా మళ్లీ అక్కడే పెట్టి తలుపు వేశాను. ఏడవాలంటే కుట్లు లాగుతున్నాయి. ఊపిరి పైపైన తీసుకుంటూ మంచం మీద కూర్చున్నాను.

"పాలు కాచుకోవాలి అమ్మాయ్, నీకు బలం రావాలి," అన్నారు అత్తయ్య. కాచి ఇస్తానని కాదు.

పెద్దావిడ పోయిందని మా ఆయన పెట్టిన వీడియో సంగతి నాకు షాపులో తెలిసింది. నేను మళ్లీ పనికి వెళ్లిన రోజు, ఓనరు "ఇది మీ ఆయనే కదూ?" అని ఫోను చూపించాడు. మా ఆయన నల్లచొక్కా వేసుకుని కూర్చున్నాడు. గొంతు పూడుకుపోయినట్టు మాట్లాడుతున్నాడు. "ఫ్రెండ్స్, ఇంట్లో చిన్న నిర్లక్ష్యం వల్ల మన పెద్దరాణి మనకి లేదు. కీచురాళ్లు తీసేయమని మా ఆవిడకి ఎన్నిసార్లో చెప్పాను. మర్చిపోయింది. ఆవిణ్ని ఏమీ అనకండి, పాపం, తనకి వీటి గురించి తెలియదు." కింద వందలమంది రాశారు. ఆ ఆడదానికి బుద్ధుందా అని. అలాంటి పెళ్లాంతో ఎలా వేగుతున్నారు సార్ అని. పెళ్లాన్నే పెట్టెలో పెట్టాల్సింది అని ఒకడు రాస్తే, దాని కింద అందరూ నవ్వుల బొమ్మలు పెట్టారు. అద్దాలు అరగదీసే యంత్రం దగ్గర నిలబడి అన్నీ చదివాను. ఆ రోజు చాలా అద్దాలు పాడుచేశాను.

ఇంటికొచ్చి అడిగాను. "నేను ఆస్పత్రిలో ఉన్నాను కదండీ?"

ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు. "ఎవరో ఒకరి మీద పెట్టాలి కదా. నేను చంపానంటే ఛానెల్ ఏమవుతుంది? నువ్వెవరో వాళ్లకి తెలుసా, నీ మొహం చూశారా? నీకు పోయేదేముంది?"

అరిచి ఉంటే ఎదురు అరిచేదాన్నేమో. మామూలుగా, బజారు నుంచి ఏం తేవాలో చెప్పినట్టు అన్నాడు. నిజమే కదా అనిపించింది ముందు. చాలాసేపు ఆ మాటలో తప్పెక్కడుందో వెతికాను. నాకు పోయేదేముంది? నా దగ్గర ఉన్నదేంటో చూసుకుంటే కదా పోయేది తెలిసేది.

కొన్ని వారాలకి పార్సిల్ వచ్చింది. కొత్త సాలీడు. కాళ్లకి నారింజరంగు పట్టీలు, ఒళ్లంతా నల్లగా నిగనిగలాడుతూ. చాలా అందంగా ఉంది. నాకు తెలియకుండానే ముందుకి వంగాను. మా ఆయన లైటు పెట్టాడు, స్టాండు సరిచేశాడు, మణికట్టు నుంచి వాచీ విప్పి నాకిచ్చాడు.

"మెల్లగా చేతిమీదకి ఎక్కించుకో. ముందు కాళ్లు లెన్సు వైపు ఉండాలి."

నేను వాచీ తీసుకోలేదు.

"నాకు భయంగా ఉందండీ," అన్నాను.

ఆ మాట ముందుగా అనుకున్నది కాదు. నోట్లోంచి వచ్చాక నేనే విన్నాను. ఆయన నవ్వాడు. "జోకులొద్దు, వెలుతురు పోతోంది."

"నిజంగానే. సాలీడంటే భయం. చెయ్యి పెట్టలేను."

ఇన్నేళ్లు ఎలా పెట్టావని అడుగుతాడనుకున్నాను. నీకా భయం అంటాడనుకున్నాను. అడిగితే ఏం చెప్పాలో కూడా వెతుక్కుంటున్నాను. లోపల ఎక్కడో ఆయన అడగాలనే ఉంది. కానీ అత్తయ్య గుమ్మంలోంచి, "ఆడపిల్ల, భయం ఉండదురా మరి? పైగా ఆపరేషనైన ఒళ్లు. వదిలెయ్," అన్నారు. ఆయన విసుగ్గా, "ఈ ఆడవాళ్లతో ఇదే గొడవ," అని వాచీ మళ్లీ పెట్టుకున్నాడు. అంతే. ఇద్దరూ నమ్మేశారు. ఒక్క ప్రశ్న లేకుండా, ఎప్పటి నుంచో తెలిసిన విషయంలా నమ్మేశారు. ఎదురింటావిడ కూడా మర్నాడు వచ్చి, "నేనెప్పుడో అనుకున్నా, భయపడుతూనే ఉంటున్నావని" అంది.

మొదట్లో మానలేకపోయాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు గదిలోకి వెళ్లి ఎండిన గిన్నెల్లో నీళ్లు పోసేదాన్ని. కొద్దిరోజులకి మా ఆయన వీడియోలో, "నేను గమనించిందేంటంటే ఫ్రెండ్స్, వీటికి పెద్దగా ఏ సేవా అక్కర్లేదు, వాటంతటవే బతికేస్తాయి" అన్నాడు. ఆ తరవాత ఇంక వెళ్లలేదు. తలుపు ముందు నుంచి నడిచేటప్పుడు గోడ వైపు చూసేదాన్ని. లోపల ఎవరికి దాహంగా ఉందో, ఎవరు మూలకి చేరారో చూడకుండానే తెలిసేది. పిల్లసాలీళ్లు ముందు పోయాయి. తరవాత రోకలిబండ పోయింది. కీచురాళ్లు ఒకదాన్నొకటి తిని, అరుపు పలచబడి, ఆగిపోయాయి. నేను చంపినట్టా, చంపనట్టా? నాకు తెలియదు. అడగడానికి ఎవరూ లేరు. కండక్టరు నంబరు తీసుకోవాలని అప్పుడు తట్టలేదు.

మిగిలినవాటిని మా ఆయన ఎవరికో ఇచ్చేస్తానన్నాడు. తీసుకెళ్లడానికి ఒక అమ్మాయి వచ్చింది. భుజానికి సంచి, చేతిలో థర్మాకోల్ పెట్టె. ఒక్కో పెట్టె ముందు వంగి, ఊపిరి తగలకుండా మొహం పక్కకి పెట్టి చూసింది. అలా చూడాలని తెలిసిన మనిషి. నేను టీ తెచ్చాను.

"ఇది నూగు కొడుతుందా సార్? ఈ రెండిట్లో పొగరుది ఏది?" అని అడిగింది.

మా ఆయన, "అన్నీ మంచివేనమ్మా" అన్నాడు.

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. ఎందుకు తిరిగిందో తెలియదు. "ఆంటీ, మీరేమైనా చూసుకునేవారా వీటిని?"

ఎడమపక్కది కొడుతుంది. తేలుకి రాయి కింద తడి ఉండాలి. చివరి అరలోది ఇంకొద్దిరోజుల్లో కుబుసం విడుస్తుంది, దారిలో కుదపకూడదు. అన్నీ నాలుక చివరన ఉన్నాయి. మా ఆయన నా వంక చూస్తున్నాడు. చెబితే మర్నాటి నుంచి మళ్లీ ఆ సీసా, ఆ పట్టకారు, ఆ వాచీ.

"లేదమ్మా," అన్నాను. "నాకివంటే భయం."

అమ్మాయి మర్యాదగా నవ్వి తల తిప్పుకుంది. పెట్టెలన్నీ సర్దుకుని, కప్పు కడిగి పెట్టి మరీ వెళ్లింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు కిందకి వెళ్లేదాకా నేను ట్రే పట్టుకుని నిలబడే ఉన్నాను. నా బతుకులో నేను ధైర్యంగా ఉన్న చోటు ఒక్కటే ఉండేది. దాన్ని నేనే కాదని చెప్పి పంపేశాను.

గది ఖాళీగా కొన్ని రోజులే ఉంది. మిషను మంచం కింద నుంచి తీసి అక్కడ పెట్టుకుందామని, నూనె డబ్బా కూడా వెతికిపెట్టుకున్నాను. ఆదివారం మా ఆయన ఆటోలోంచి పెద్ద పంజరం దించాడు. లోపల రంగురంగుల పిట్టలు, గోలగోలగా. అత్తయ్య చప్పట్లు కొట్టారు. ఆయన చెమట తుడుచుకుంటూ గింజల సంచి నా ముందు పెట్టాడు.

"పురుగులు కావులే. పిట్టలే. పిట్టలంటే నీకు భయం లేదు కదా?"

ఒక పిట్ట ఊచల సందులోంచి తల బయటపెట్టి, నా వేలు కోసం చూస్తోంది.

"ఉందండీ," అన్నాను.